సైన్యం లేని చట్టానికి బలం ఎక్కడిది? సాఫ్ట్ పవర్, విదేశాంగ విధానం, అధిజాతీయ చట్టం

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. యూరోపియన్ యూనియన్‌కు (ఈయూకు) సొంత సైన్యం లేదు, సొంత పోలీసులు లేరు, విదేశాంగ వ్యవహారాల్లో దాని 27 సభ్యదేశాలు ఒక్క మాట మీదికి రావడమే గగనం. అయినా దాని చట్టం సభ్యదేశాల పార్లమెంట్లు చేసిన శాసనాలను పక్కకు నెడుతోంది, సభ్యత్వం లేని దేశాలు కూడా దాని నిబంధనలకు తలవంచుతున్నాయి. దీన్ని సాఫ్ట్ పవర్ అనవచ్చా, అనగలిగితే ఇతర ప్రాంతీయ కూటములు కూడా ఇదే దారిలో బలపడగలవా అన్నది మీ సందేహం.

కొంత భాగాన్ని మాత్రమే అలా అనవచ్చునన్నది నా సమాధానం. బయటి నుంచి ఆకర్షణగా కనిపించేదాంట్లో న్యాయమూర్తుల విధేయత ఉంది, పెద్ద మార్కెట్ వాకిట్లో నిలబడ్డవారి అవసరం ఉంది, సభ్యత్వం మీద ఆశ ఉంది. ఈ మూడూ వేర్వేరు సరుకులు. అసలైన ఆకర్షణ ఉన్నచోట మాత్రం దానికి మూలం ఆ కూటమి తన చేతులను తన న్యాయస్థానం చేత కట్టించుకోవడమే. ఈ సంగతి విదేశాంగ విధానం మీద జరిగే చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

సాఫ్ట్ పవర్ అనే మాటను 1990లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ పండితుడు జోసెఫ్ నై దానికి ఇచ్చిన అర్థం నిజానికి ఇరుకైనది. భయపెట్టకుండా, డబ్బు ఆశ చూపకుండా, మనం కోరుకున్నదాన్నే ఎదుటివారూ కోరుకునేలా చేయగలగడమే ఆ శక్తి. దానికి ఆయన చెప్పిన వనరులు సంస్కృతి, రాజకీయ విలువలు, విదేశాంగ విధానం. ఇందులో ప్రతిదానికీ ఒక షరతు ఉంది: విలువలైతే వాటిని స్వదేశంలోనూ విదేశాల్లోనూ నిజంగా పాటించాలి, విధానమైతే అది ఇతరుల దృష్టిలో న్యాయసమ్మతంగా కనిపించాలి. పత్రికల్లో ఈ మాట సినిమాలకూ సంగీతానికీ క్రీడలకూ పర్యాయపదంగా మారిపోయి, షరతుల సంగతి మరుగున పడింది. మన చర్చకు పనికొచ్చేది ఆ షరతులే.

పేర్ల వల్ల వచ్చే ఒక గందరగోళాన్ని కూడా ఇక్కడే తీర్చాలి. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో 'సాఫ్ట్ లా' అనే మాట ఉంది. తీర్మానాలు, ప్రకటనలు, మార్గదర్శకాల వంటి, పాటించకపోయినా శిక్ష లేని పత్రాలను అలా అంటారు. సాఫ్ట్ పవర్ ఉన్న కూటమి చేసేది సాఫ్ట్ లా అయి ఉంటుందని విద్యార్థులు తరచుగా పొరపడుతుంటారు. అధిజాతీయ చట్టం దానికి పూర్తిగా ఎదురు కొసన ఉంటుంది. మామూలు అంతర్జాతీయ ఒప్పందం ప్రభుత్వాల మధ్య వాగ్దానం; దాన్ని దేశంలో ఎలా అమలు చేయాలో ఆ దేశ రాజ్యాంగమే నిర్ణయిస్తుంది. అధిజాతీయ చట్టం ప్రభుత్వాన్ని దాటి నేరుగా పౌరుడి చేతికి హక్కునిస్తుంది, ఆ హక్కును అతడు తన ఊరి కోర్టులోనే తన ప్రభుత్వం మీద ప్రయోగించవచ్చు. 1951లో పారిస్‌లో ఆరు దేశాలు సంతకం చేసిన, ఈయూకు పూర్వరూపమైన బొగ్గు, ఉక్కు సంఘం ఒప్పందంలో 'అధిజాతీయ' అన్న విశేషణం ఆ సంఘాన్ని నడిపే ఉన్నత అధికార మండలి సభ్యుల విధులను వర్ణిస్తూ నేరుగా కనిపిస్తుంది. 1957 నాటి ఆర్థిక సంఘం ఒప్పందంలో ఆ పదం లేదు. మధ్యలో 1954 ఆగస్టులో ఉమ్మడి సైన్యం ఏర్పాటు చేయాలన్న ఒప్పందాన్ని ఫ్రెంచ్ జాతీయ సభ తిరస్కరించింది. ఆ తర్వాత అలాంటి పదాలను వాడడానికి ప్రభుత్వాలు జంకాయి. ఒప్పందంలోంచి జారిపోయిన ఆ లక్షణాన్ని తిరిగి తెచ్చినవి రెండు చిన్న కేసులు.

మొదటిది ఒక డచ్ రవాణా సంస్థది. వాన్ గెండ్ ఎన్ లోస్ అనే ఆ సంస్థ పశ్చిమ జర్మనీ నుంచి ఒక రసాయన పదార్థాన్ని దిగుమతి చేసుకుంది. దాని మీద 3 శాతంగా ఉన్న సుంకం వర్గీకరణ మార్పు వల్ల 8 శాతమైంది. సభ్యదేశాలు తమ మధ్య సుంకాలు పెంచకూడదని ఒప్పందం చెబుతోంది కదా అని ఆ సంస్థ అడిగింది. ఒప్పందం ప్రభుత్వాల మధ్యది, ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని కోర్టులో చూపించి హక్కు అడగడమేమిటని అప్పటి ఆరు సభ్యదేశాల్లో మూడు వాదించాయి. 1963 ఫిబ్రవరిలో లక్సెంబర్గ్‌లోని ఆ సంఘపు ఉమ్మడి న్యాయస్థానం వాటి వాదనను తోసిపుచ్చి, ఇది ప్రభుత్వాలకే కాక వాటి ప్రజలకు కూడా హక్కులిచ్చే కొత్త న్యాయ వ్యవస్థ అని తీర్పిచ్చింది. రెండోది మరుసటి ఏడాది తేలిన కేసు. మిలాన్‌కు చెందిన ఫ్లామినియో కోస్టా అనే న్యాయవాది, విద్యుత్ సంస్థల జాతీయీకరణను నిరసిస్తూ 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టనని మొండికేశారు. తర్వాత వచ్చిన శాసనమే చెల్లుతుందని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 1964 మార్చిలో చెప్పింది. జులైలో లక్సెంబర్గ్ న్యాయస్థానం సరిగ్గా దానికి విరుద్ధంగా, ఉమ్మడి చట్టానికి దేశీయ శాసనం అడ్డు రాలేదని చెప్పింది. కోస్టా తన బిల్లు విషయంలో ఏమీ సాధించలేదు. ఖండపు న్యాయచరిత్ర మాత్రం ఆ బిల్లుతో మలుపు తిరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ తీర్పులను అమలు చేసిందెవరు? లక్సెంబర్గ్ నుంచి ఎవరూ వెళ్లలేదు. ఒక స్థానిక న్యాయమూర్తికి సందేహం వచ్చి ప్రశ్న పంపితే, న్యాయస్థానం దానికి సమాధానం రాసి తిప్పి పంపుతుంది. తుది తీర్పు ఆ స్థానిక న్యాయమూర్తే ఇస్తారు. అందువల్ల ఒక ప్రభుత్వం ఐరోపా చట్టాన్ని ధిక్కరించాలంటే ముందు తన సొంత న్యాయవ్యవస్థను ధిక్కరించాలి. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పును ఒక పెద్ద దేశం కాదనగలగడానికీ, ఈయూ తీర్పును కాదనడం అంతకంటే కష్టం కావడానికీ తేడా ఇదే. నికరాగువా కేసులో 1986లో వచ్చిన తీర్పును అమెరికా తోసిపుచ్చి, భద్రతా మండలిలో వీటో వేయగలిగింది. దక్షిణ చైనా సముద్రం మీద 2016లో వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పును చైనా చిత్తుకాగితంగా కొట్టిపారేయగలిగింది. ఆ రెండు సందర్భాల్లోనూ స్వదేశీ న్యాయమూర్తి ఎవరూ తమ ప్రభుత్వానికి ఎదురు నిలబడవలసిన అవసరం రాలేదు.

స్థానిక న్యాయమూర్తులు ఎందుకు సహకరించారన్న ప్రశ్నలో నిజమైన సాఫ్ట్ పవర్ కొంత దాగి ఉంది. కింది కోర్టులకు ఇది తమ పై కోర్టుల మాట దాటి స్వతంత్రంగా వ్యవహరించే అవకాశమిచ్చింది. ఆ స్వార్థాన్ని దాచనక్కరలేదు. కానీ పై కోర్టుల సంగతి వేరు. మౌలిక హక్కుల పట్టిక లేని సంఘం చట్టాన్ని తాము కళ్లు మూసుకుని ఒప్పుకోబోమని, ఆ లోటు ఉన్నంతవరకూ తనిఖీ చేస్తామని జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 1974లో ప్రకటించింది. లక్సెంబర్గ్ న్యాయమూర్తులు గద్దించలేదు. సభ్యదేశాల రాజ్యాంగ సంప్రదాయాల నుంచి మౌలిక హక్కులను తెచ్చి తమ తీర్పుల్లో ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోయారు. 1986లో అదే జర్మన్ న్యాయస్థానం, ఈ స్థాయి రక్షణ కొనసాగుతున్నంతవరకూ తాము తనిఖీ చేయబోమని చెప్పింది. 'అంతవరకూ' అన్న మాట రెండు తీర్పుల్లోనూ ఉంది, దాని దిశ మాత్రమే తిరగబడింది. ఎదుటివారి విలువలను తనలోకి తీసుకుని వారి సమ్మతి సంపాదించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ సమ్మతి శాశ్వతం కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2020 మేలో ఐరోపా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు విషయంలో జర్మన్ న్యాయస్థానం లక్సెంబర్గ్ తీర్పునే తన అధికార పరిధి దాటినదిగా పేర్కొంది.

ఇక బయటి దేశాల మీద ప్రభావం. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను, ఎందుకంటే ఈయూ అధికారుల ఉపన్యాసాల్లో దీనంతటినీ విలువల విజయంగా చెప్పుకోవడం రివాజు. 1993లో కోపెన్‌హాగన్‌లో సభ్యత్వ ప్రమాణాలు నిర్ణయించారు: స్థిరమైన ప్రజాస్వామ్య సంస్థలు, చట్టబద్ధ పాలన, మైనారిటీల రక్షణ, పోటీకి తట్టుకోగల మార్కెట్ ఆర్థిక వ్యవస్థ, సభ్యత్వ బాధ్యతలను మోయగల సామర్థ్యం. 2004 మే 1న పది దేశాలు చేరాయి. ఆ పది దేశాలూ వేల పేజీల ఉమ్మడి చట్టాన్ని తమ శాసనాల్లోకి ఎక్కించుకున్నాయి. ఇందులో ఐరోపాలో భాగం కావాలన్న కోరిక నిజమే, అది ఆకర్షణే. కానీ ఆ చట్టాన్ని అధ్యాయాలుగా విడగొట్టి ఒక్కొక్కటిగా తనిఖీ చేసి, తప్పితే తలుపు మూసేస్తామనే విధానం ఆకర్షణ కిందికి రాదు. అది షరతులతో కూడిన బేరం, నై నిర్వచనం ప్రకారం చూస్తే సాఫ్ట్ పవర్ హద్దుకు అవతలిది.

తలుపు తెరుచుకోదని తేలినప్పుడు ఏమవుతుందో చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. టర్కీ సభ్యత్వ చర్చలు మొదలుకాక ముందే శాంతికాలంలో మరణశిక్షను 2002లోనూ, పూర్తిగా 2004లోనూ రద్దు చేసింది. 2005 అక్టోబరులో చర్చలు మొదలయ్యాయి, మరుసటి ఏడాదే సైప్రస్ వివాదం వల్ల ఎనిమిది అధ్యాయాలు స్తంభించాయి, 2018 నాటికి చర్చలు ఆగిపోయాయని ఈయూయే ఒప్పుకుంది. సంస్కరణల ఊపు అంతకు ముందే చల్లారింది. ఉత్తర మాసిడోనియా కథ ఇంకా బాధాకరమైనది. గ్రీస్ అభ్యంతరాన్ని తొలగించడానికి ఆ దేశం 2019లో ఏకంగా తన పేరే మార్చుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్ అడ్డుకుంది; 2020లో చరిత్ర, భాష గురించి వివాదం లేవనెత్తి బల్గేరియా అడ్డుకుంది. ఒక దేశం పేరు మార్చుకోవడం కంటే పెద్ద రాయితీ ఏముంటుంది? అది ఇచ్చాక కూడా తలుపు మూసి ఉంటే, పక్కనే నిలబడి చూస్తున్న మిగతా దేశాలు నేర్చుకునే పాఠం ఏమిటో చెప్పనక్కరలేదు. సభ్యులందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న ఏకాభిప్రాయ నిబంధన విదేశాంగ విధానంలో కలిగించే నష్టాన్ని చర్చించేటప్పుడు అందరూ ఆలస్యాన్ని లెక్కిస్తారు. నా దృష్టిలో మాట మీద నమ్మకం పోవడమే పెద్ద నష్టం. (2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలకు ఆమోదం తెలిపే సమయంలో హంగరీ ప్రధాని గది బయటికి వెళ్లి నిలబడగా, లోపల 'ఏకగ్రీవంగా' నిర్ణయం జరిగింది. చట్టం ప్రకారం తప్పేమీ లేదు, కానీ ఒక మహాకూటమి విదేశాంగ విధానం ఒకరు తలుపు దాటడం మీద ఆధారపడటం చూడముచ్చటైన దృశ్యం కాదు.)

మార్కెట్ ద్వారా వ్యాపించే నిబంధనల గురించి ఎక్కువ చెప్పను, దాని మీద ఇప్పటికే కావలసినంత సాహిత్యం ఉంది. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన సమాచార రక్షణ నిబంధనల వంటివాటిని బహుళజాతి సంస్థలు ప్రపంచమంతటా పాటించడానికి కారణం ప్రాంతానికో పద్ధతి నడపడం ఖర్చుతో కూడిన పని కావడమే. కానీ ఇందులోంచే పుట్టిన ఒక కేసు వేరే తరహాది. అమెరికా నిఘా సంస్థల కార్యకలాపాలు 2013లో బయటపడ్డాక, మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియన్ తన సమాచారాన్ని అట్లాంటిక్ దాటించడం మీద ఫిర్యాదు చేశారు. లక్సెంబర్గ్ న్యాయస్థానం 2015లో ఒకసారి, 2020లో మరోసారి అమెరికాతో ఉన్న సమాచార బదిలీ ఏర్పాట్లను కొట్టేసింది. ఆ ఏర్పాట్లు కుదుర్చుకున్నది ఈయూ కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషనే. వాటిని కాపాడుకోవాలని దానికి బలమైన దౌత్య కారణాలు ఉన్నాయి. చివరికి 2022 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు నిఘాకు హద్దులు పెడుతూ, విదేశీయుల ఫిర్యాదులను సమీక్షించే ఒక యంత్రాంగాన్ని ఏర్పాటు చేస్తూ ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. ఆ యంత్రాంగం చాలదనే విమర్శ ఉంది. అయినా ఒక పౌరుడి ఫిర్యాదు మీద వచ్చిన తీర్పు ప్రపంచంలోకెల్లా బలమైన దేశపు నిఘా నిబంధనలను కదిలించడం చిన్న విషయం కాదు. ఇందులో మార్కెట్ బలం లేదని అనను, ఉంది. కానీ కమిషన్ 'మా చేతిలో లేదు, కోర్టు ఒప్పుకోదు' అని నిజాయతీగా చెప్పగలగడం దాని బేరానికి బలమిచ్చింది.

విదేశాంగ విధానం, అధిజాతీయ చట్టం ముఖాముఖి తలపడిన చోటు కడి కేసు. ఒప్పందాల ప్రకారం ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం దాదాపుగా న్యాయస్థానం పరిధికి బయట ఉంటుంది. వ్యక్తుల మీద విధించే ఆంక్షలు మాత్రం దానికి ముఖ్యమైన మినహాయింపు. యాసిన్ అబ్దుల్లా కడి అనే సౌదీ వ్యాపారి పేరును ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి కమిటీ 2001 అక్టోబరులో ఉగ్రవాదానికి నిధులిచ్చేవారి జాబితాలో చేర్చింది. ఐరోపాలో ఆయన ఆస్తులు స్తంభించాయి. ఆరోపణ ఏమిటో, దానికి ఆధారమేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఐక్యరాజ్య సమితి చార్టర్ ప్రకారం భద్రతా మండలి నిర్ణయం మిగతా ఒప్పందాలన్నిటికీ పైది కాబట్టి అందులో తలదూర్చలేమని 2005లో ఈయూ కింది న్యాయస్థానం చెప్పింది. 2008 సెప్టెంబరులో పై న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు. భద్రతా మండలి తీర్మానాన్ని తాను సమీక్షించడం లేదని, దాన్ని అమలు చేసే ఐరోపా నిబంధనను మాత్రమే చూస్తున్నానని, తనను తాను సమర్థించుకునే అవకాశం మనిషికి ఇవ్వని నిబంధన చెల్లదని తీర్పిచ్చింది.

అప్పట్లో చాలామంది అంతర్జాతీయ న్యాయ పండితులు దీన్ని తప్పుపట్టారు. ప్రతి ప్రాంతమూ తన రాజ్యాంగ విలువల పేరుతో భద్రతా మండలిని పక్కన పెడితే ప్రపంచ వ్యవస్థ ముక్కలవుతుందన్నది వారి భయం. ఆ భయానికి ఆధారం ఉంది, నేను కూడా మొదట్లో అటువైపే మొగ్గాను. తర్వాత జరిగింది చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. 2009 డిసెంబరులో భద్రతా మండలి 1904వ తీర్మానం ద్వారా, జాబితాలోకెక్కినవారి విజ్ఞప్తులను పరిశీలించే ఒక స్వతంత్ర అంబుడ్స్‌పర్సన్ పదవిని సృష్టించింది. కడి పేరు 2012 అక్టోబరులో ఆ ప్రక్రియ ద్వారానే జాబితా నుంచి తొలగింది. అక్కడ ఈయూ ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ నిధులు ఇస్తామనలేదు. తన విదేశాంగ విధానానికి ఇబ్బంది కలిగించే తీర్పును తాను భరించింది, దానితో ఐక్యరాజ్య సమితి తన పద్ధతి మార్చుకునే ఒత్తిడి పెరిగింది. సభ్యదేశాల ప్రభుత్వాలు ఆ కేసులో ఓడిపోయిన పక్షాన ఉన్నాయన్నది మరిచిపోకూడదు.

ఇలాంటి తీర్పులు దౌత్యానికి ఖరీదైనవి. పశ్చిమ సహారా ప్రజల సమ్మతి లేకుండా ఆ ప్రాంతానికి వర్తింపజేశారన్న కారణంగా మొరాకోతో కుదుర్చుకున్న వాణిజ్య, మత్స్య ఒప్పందాలను న్యాయస్థానం 2024 అక్టోబరులో చెల్లనివిగా తేల్చింది. మొరాకోతో స్నేహం తమకు ఎంతో విలువైనదని కమిషన్ అదే రోజు ప్రకటన చేసింది. ఒకే కూటమి నుంచి ఒకే రోజు వెలువడిన ఆ రెండు గొంతులను విని, ఈయూకు విధానమే లేదని వెక్కిరించేవారు ఉన్నారు. కానీ చట్టానికి కట్టుబడి ఉంటామని ఇతరులకు చెప్పే హక్కు ఆ రెండో గొంతుకు ఎంత ఉందన్నది మొదటి గొంతు మీదే ఆధారపడి ఉంటుంది.

లోపలి సభ్యులే తిరగబడితే ఆకర్షణ పనిచేయదు, అప్పుడు డబ్బే మాట్లాడుతుంది. న్యాయమూర్తుల క్రమశిక్షణ వ్యవస్థ విషయంలో మధ్యంతర ఉత్తర్వును పాటించనందుకు పోలండ్ మీద 2021 అక్టోబరులో రోజుకు 10 లక్షల యూరోల జరిమానా పడింది. పోలండ్ కట్టలేదు, దానికి రావలసిన నిధుల్లోంచి కోసుకున్నారు. దీన్ని సాఫ్ట్ పవర్ అని ఎవరూ పొరబడరు. అయితే పోలండ్‌లో చివరిదాకా పోరాడింది ఆ దేశపు న్యాయమూర్తులే, లక్సెంబర్గ్‌కు ప్రశ్నలు పంపింది వారే, అందుకు క్రమశిక్షణ చర్యలు ఎదుర్కొన్నదీ వారే.

మిగిలింది మీ చివరి ప్రశ్న: ఇతర కూటములు ఇదే చేయగలవా? నకలు చేసినవి ఉన్నాయి. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల అభివృద్ధి సంఘం, అంటే సాడక్, నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ఒక ట్రిబ్యునల్ ఏర్పాటు చేసుకుంది. జింబాబ్వేలో పరిహారం లేకుండా భూమి కోల్పోయిన మైక్ కాంప్‌బెల్ అనే రైతు, భూసేకరణను కోర్టుల్లో ప్రశ్నించే వీలును ఆ దేశ రాజ్యాంగ సవరణ తీసేసిందంటూ అక్కడికి వెళ్లారు. 2008 నవంబరులో ట్రిబ్యునల్ ఆయన పక్షాన తీర్పిచ్చింది. జింబాబ్వే దాన్ని లెక్కచేయలేదు; 2010లో దేశాధినేతల సదస్సు పదవీకాలం ముగిసిన న్యాయమూర్తులను తిరిగి నియమించకుండా ట్రిబ్యునల్‌నే నిలిపివేసింది. ఒప్పంద పాఠం చూస్తే ఆ ట్రిబ్యునల్ కాగితం మీద బలహీనమైనదేమీ కాదు. దాని తీర్పును తన తీర్పుగా భావించి అమలు చేసే న్యాయవ్యవస్థ జింబాబ్వేలో లేకపోవడం, ధిక్కరించినందుకు నష్టపోయేది ఏమీ లేకపోవడం, తమ వంతు వస్తుందేమోనన్న భయం పక్క దేశాల అధినేతలకు ఉండటం దాన్ని కూల్చాయి.

ఆ తీర్పు మాత్రం పూర్తిగా చావలేదు. రైతులు దాన్ని పట్టుకుని దక్షిణాఫ్రికా కోర్టులకు వెళ్లారు. ట్రిబ్యునల్ విధించిన ఖర్చుల ఉత్తర్వును దక్షిణాఫ్రికాలో అమలు చేయవచ్చని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తేల్చడంతో కేప్‌టౌన్‌లో జింబాబ్వే ప్రభుత్వానికి ఉన్న ఆస్తి జప్తుకు దారి తెరుచుకుంది. 2018 డిసెంబరులో అదే న్యాయస్థానం, ట్రిబ్యునల్‌ను నిర్వీర్యం చేసిన నిర్ణయంలో తమ దేశాధ్యక్షుడు పాలుపంచుకోవడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. విండ్‌హోక్‌లో ట్రిబ్యునల్ అప్పటికి ఎనిమిదేళ్లుగా మూతపడి ఉంది.